ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్‌లో గజ్జెల చప్పుడు: పెట్రోల్ మీదే, గ్యాస్ మీద లేదు

వారధి_లోడు:
బండి 2018 మోడల్ చిన్న పికప్. 1.2 పెట్రోల్ ఇంజిన్, 4 సిలిండర్లు, కంపెనీ ఫిట్టింగ్ సీఎన్‌జీ, 1,38,000 కి.మీ. తిరిగింది. 550 కిలోల లోడుతో భవానీపురం వైపు నుంచి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, నాలుగో గేర్లో 40 స్పీడు మీద యాక్సిలేటర్ సగం తొక్కితే గజ్జెలు మోగినట్టు చప్పుడు. కాలు తీయగానే ఆగిపోతుంది. ఖాళీ బండికి రాదు. గ్యాస్ మీద ఇదే లోడుతో ఎక్కినా రాదు.
పెట్రోల్ ట్యాంకు 5 లీటర్లే. గ్యాస్ అయిపోయినప్పుడు తప్ప వాడను. ఇప్పుడు ట్యాంకులో ఉన్నది పోయించి రెండు నెలలు దాటింది. ప్లగ్గులు పది రోజుల కిందట మార్పించాను, చప్పుడు అంతకు ముందే కొంచెం ఉంది, తర్వాత పెరిగింది. చెక్ లైటు లేదు. ఆయిల్, కూలెంట్ మట్టం సరిగానే ఉన్నాయి. ఆటోనగర్‌లో ఒకరు బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాలి అన్నారు. దించక ముందు ఏమేం చూడాలి, ఏ వరసలో చూడాలి?

స్పానర్_14:
దించొద్దండీ. బేరింగుకి ఏ ఇంధనం మండుతుందో తెలియదు. అది పోతే గ్యాస్ మీదా కొడుతుంది, పైగా గజ్జెల్లా కాదు, సుత్తితో మోదినట్టు బరువుగా ఉంటుంది. సీఎన్‌జీ ఆక్టేన్, అంటే దానంతటదే పేలకుండా తట్టుకునే శక్తి, 120 పైమాటే కాబట్టి దాని మీద నాకింగ్ (మిశ్రమం దానంతటదే పేలి చేసే చప్పుడు) దాదాపు రాదు. అదే వాలు, అదే గేరు, అదే లోడుతో గ్యాస్ మీద చప్పుడు మాయమైతే అది పింగింగే, అంటే ఆ నాకింగే. ఒక్కసారి ఎక్కి తేల్చేయకుండా అటూ ఇటూ మార్చి రెండేసి సార్లు చూడండి. సైలెన్సర్ మ్యానిఫోల్డు గ్యాస్కెట్ లీకైనా, హీట్ షీల్డు బోల్టు వదులైనా లోడు మీద ఇలాంటి చప్పుడే వస్తుంది. కాకపోతే వాటికి పెట్రోల్, గ్యాస్ తేడా ఉండదు.

తేలేదాకా ఆ ఎక్కుడులో మూడో గేరు వేయండి. 40 స్పీడులో నాలుగో గేరంటే ఇంజిన్ గొంతు నొక్కడమే. తిరుగుడు తక్కువై సిలిండర్ నిండా గాలి వెళ్తుంది, మంట నెమ్మదిగా పాకుతుంది, అది చేరేలోపే చివర మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ దానంతటదే ఒక్కసారిగా పేలుతుంది. మీకు వినపడేది అదే. అలాగే నడిపిస్తే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి.

మొదట పెట్రోల్ చూడండి. ట్యాంకు అడుగు నుంచి అర లీటరు తెల్ల గాజు సీసాలోకి తీసి, అరగంట కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనపడితే పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ నీళ్లు పీల్చుకుని విడిపోయిందన్నమాట. పైన మిగిలిన పెట్రోల్‌లో ఇథనాల్ బాగా తగ్గిపోతుంది కాబట్టి దాని ఆక్టేన్ కూడా పడిపోతుంది. పొర ఉన్నా లేకపోయినా రెండు నెలల పెట్రోల్ తీసేసి, రద్దీగా ఉండే బంకులో 3 లీటర్లు కొత్తది పోయించండి. తీసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ విప్పడం, పక్కన బీడీ వెలగకుండా చూడటం మరవొద్దు.

గేజ్_మాట:
పైది సరే. ఒక మాట కలుపుతాను. ఈ-20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లే నాకింగ్ అని ఇప్పుడు ప్రతి చెట్టు కిందా వినపడుతోంది. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, తగ్గించదు. అసలు చిక్కు వేరు. ఇథనాల్ కలపని పెట్రోల్ 1 కిలోకి 14.7 కిలోల గాలి సరిపోతే, ఈ-20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ దాదాపు 9 శాతం ఎక్కువ పోయాలి. ఇంజెక్టర్లు సగం మూసుకుని ఉంటే ఆ ఎక్కువ రాదు, మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కుతుంది.

స్కానర్ పెట్టించి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చదవండి, అంటే ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుకుంటోందో ఆ అంకె. ముందు 25 కి.మీ. పెట్రోల్ మీదే నడపాలి, లేకపోతే గ్యాస్ మీద నేర్చుకున్న అంకెలు కలిసిపోవచ్చు. ఐడిలింగ్‌లో ఒకసారి, ఖాళీ బండి నిమిషానికి 2500 చుట్ల మీద ఒకసారి, లోడుతో సగం యాక్సిలేటర్ మీద ఒకసారి. పూర్తిగా తొక్కితే ఈసీఎమ్ (ఆ ఇంజిన్ కంప్యూటరే) ఆక్సిజన్ సెన్సార్ని పక్కన పెట్టేస్తుంది, ఆ అంకెతో లాభం లేదు. ఐడిలింగ్‌లో ఎక్కువుండి 2500 దగ్గర తగ్గితే గాలి లీకు. లోడు పెరిగేకొద్దీ పెరిగితే పెట్రోల్ చాలడం లేదు. గ్యాస్ మీద కూడా చదివించండి. గాలి దారి, సెన్సార్లు రెండింటికీ ఒకటే కదా.

వారధి_లోడు:
సీసాలో పొర లేదు, రంగు మాత్రం ముదిరింది, వార్నిష్ వాసన. కొత్త పెట్రోల్ పోశాక చప్పుడు సగానికి తగ్గింది, పోలేదు. మూడో గేర్లో అసలు లేదు. ట్రిమ్: ఐడిలింగ్ +4, 2500 దగ్గర +7, ఎక్కుడులో +18. గ్యాస్ మీద ఎక్కుడులోనూ +3 దాటలేదు. కూలెంట్ 91 నుంచి 96 మధ్య.

గేజ్_మాట:
అయితే గాలి లీకు మాట వదిలేయండి, ఉంటే గ్యాస్ మీదా కనపడేది. ఆ +18 మొత్తం పెట్రోల్ దారిదే. ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్లు, అంతే. ముందు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ కట్టి, గొట్టం పొడవుగా పెట్టి అద్దం పక్కకు తెచ్చి, ఆ ఎక్కుడు మీదే నడపండి. ఐడిలింగ్‌లో ఎంతుందో లోడు మీదా అంతే ఉండాలి. పడిపోతే పంపు, లేదా ఫిల్టరు. ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడూ అడుగంటి ఉండే గ్యాస్ బండ్లలో పంపు త్వరగా పోతుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే.
ప్రెషర్ నిలబడితే ఇంజెక్టర్లే. వారాల తరబడి వాడకపోతే మొన మీద మిగిలిన చుక్క ఇంజిన్ వేడికి జిగురవుతుంది. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలతో ఆ జిగురు పోదు. పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా తిప్పి ప్రెషర్ దించాక విప్పండి. అల్ట్రాసోనిక్‌లో కడిగించి, తర్వాత బెంచి మీద నాలుగింటికీ ఒకే టైముకి ఎంత పడుతోందో మీ కళ్ల ముందు కొలిపించండి. గాజు గొట్టాల్లో మట్టం తేడా కంటికి కనపడుతుంది. ఓ-రింగులు పాతవి వేయొద్దు, కొత్తవాటికి ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి ఎక్కించాలి.

స్పానర్_14:
ప్లగ్గులు మార్చాక పెరిగింది అన్నారు, దాన్ని వదలకండి. పాతదాని మీద, కొత్తదాని మీద నెంబరు చూడండి. ఎన్‌జీకేలో అంకె పెద్దదైతే చల్లటి ప్లగ్గు (మొన వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో అంకె పెద్దదైతే వేడి ప్లగ్గు. ఈ తిరకాసు తెలియక 'అంకె ఒకటేగా' అని ఒక బ్రాండు బదులు ఇంకోటి వేస్తే మొన ఎర్రగా కాలి ముందే మంట అంటిస్తుంది. వదులుగా బిగించినా అంతే, వేడి హెడ్‌లోకి దిగదు. కొత్త గ్యాస్కెట్ ప్లగ్గు చేత్తో ఆనేదాకా తిప్పి, ఆ పైన పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. ఇంజిన్ చల్లారాకే.
తీసినప్పుడు తెల్ల పింగాణీ మీద భూతద్దం పెట్టండి. మిరియం పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే నాకింగ్ ముదిరింది. వెండి రంగు చుక్కలు మెరిస్తే అది పిస్టన్ అల్యూమినియం, ఇక పెట్రోల్ మీద లోడు వేయొద్దు.

మిర్చియార్డు_రూటు:
ఒక ట్యాంకు 95 పైన ఆక్టేన్ ఉన్న ప్రీమియం పోస్తే పోతుంది కదా, ఇంత తవ్వకం ఎందుకు?

గేజ్_మాట:
చప్పుడు పోతుంది అన్నా, పలచదనం పోదు. పరీక్షకి మూడు లీటర్లు పోయండి, తప్పులేదు. దాంతోనే నడిపితే కాలుతున్న వాల్వు కాలుతూనే ఉంటుంది.
ఇంకోటి, చదివేవాళ్లలో బయట కిట్ వేయించిన వాళ్లుంటే: గ్యాస్ మీద టైమింగ్ ముందుకు జరిపే చిన్న పెట్టె ఒకటి కొన్ని కిట్లలో ఉంటుంది. పెట్రోల్‌కి మారినప్పుడు అది వెనక్కి రాకపోతే అచ్చం ఇదే చప్పుడు. దాని కనెక్టరు తీసి, కిట్‌తో వచ్చిన బైపాస్ సాకెట్ పెట్టి చూస్తే తేలిపోతుంది. కంపెనీ ఫిట్టింగులో ఆ పని ఈసీఎమ్ చూసుకుంటుంది.

వారధి_లోడు:
ప్లగ్గు నెంబరు ఒకటే, బ్రాండూ ఒకటే. మూడో సిలిండరుది మాత్రం చేత్తోనే ఊడి వచ్చింది. దాని మీద నల్ల చుక్కలున్నాయి, వెండివి లేవు. మిగతా మూడూ శుభ్రం. ప్రెషర్ లోడు మీద కదల్లేదు.

స్పానర్_14:
మూడోది సరిగ్గా బిగించి, ఇంజెక్టర్లు బెంచికి పంపండి, మూడో ఇంజెక్టరుకి గుర్తు పెట్టి. కడిగాక ట్రిమ్ +5 లోపలికి వచ్చినా చప్పుడు మిగిలితే అప్పుడు లోపల పేరుకున్న కార్బన్. ప్లగ్గు రంధ్రంలోంచి కెమెరా దించి పిస్టన్ తల చూడండి. ఫోమ్ క్లీనర్ వేస్తే రాత్రంతా నాననిచ్చి, పొద్దున ప్లగ్గులు బిగించక ముందే, పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు తీసి ఇంజిన్ తిప్పి రంధ్రాల్లోంచి అంతా బయటికి కక్కించాలి. లోపల ద్రవం మిగిలి ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆ వెంటనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు మార్చేయండి, కిందకి జారిన క్లీనర్ ఆయిల్‌ని పలచన చేస్తుంది.