చింతతోపు పోరంబోకులో ఇళ్ల స్థలాలు: అభ్యంతరం ఏ దారిన చెప్పాలి?

తోపుగట్టు (చంద్రగిరి వైపు) అడిగిన ప్రశ్న

సభ్యులకు నమస్కారం. మా ఊరు తిరుపతి నుంచి పీలేరు వెళ్లే రోడ్డుకు కొంత లోపలగా ఉంటుంది. ఊరికి పడమట, వంక ఒడ్డున, ఏడెకరాల పైచిలుకు చింతతోపు ఉంది. ఇద్దరు చేతులు కలిపి పట్టినా అందని మానులు అందులో చాలా ఉన్నాయి. శివరాత్రికి అటూ ఇటూగా పంచాయతీ ఫలసాయాన్ని వేలం వేస్తుంది. పాట దక్కించుకున్నవారు మనుషులను కొమ్మల మీదికి ఎక్కించి గడలతో కాయ దులిపిస్తారు; కింద పరచిన పట్టల మీద రాలినదాన్ని ఆడవాళ్లు ఏరి, పెంకు కొట్టి, నార లాగి, గింజ తీసి, కిలో లెక్కన కూలి తీసుకుంటారు. ఎండాకాలంలో ఊరంతటికీ చింతచిగురు అక్కడిదే. తోపు నడుమనున్న అక్కదేవతల రాళ్ల దగ్గర ఏటా పొంగళ్లు పెడతాం. గొర్రెల కాపర్లు మధ్యాహ్నం మందను అక్కడే నిలుపుతారు.

ఈ మధ్య సర్వే సిబ్బంది వచ్చి తోపును కొలిచి, కొన్ని మానుల మొదళ్లకు తెల్లరంగు గుర్తులు వేసి వెళ్లారు. గ్రామాల్లో కుటుంబానికి 3 సెంట్లు ఇవ్వాలన్న ప్రభుత్వ విధానం కింద మా ఊరికి చూపిన భూమి ఇదేనని తర్వాత తెలిసింది. దీని మీద గ్రామసభ పెట్టలేదు, దండోరా కూడా వేయలేదు. ఊళ్లో కుర్రవాళ్లు హైదరాబాదు కంచ గచ్చిబౌలి విషయంలో జరిగినట్టు సుప్రీంకోర్టుకే పోదామంటున్నారు. పెద్దవాళ్లు సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇస్తే చాలంటున్నారు. ఇల్లు లేని కుటుంబాలు మా ఊళ్లోనూ ఉన్నాయి కాబట్టి, చెట్ల పేరు చెప్పి పేదల ఇళ్లకు అడ్డం పడ్డారన్న మాట రాకూడదన్నది నా తపన. ముందుగా ఏ కాగితం చూడాలో, ఏ చట్టం పనికొస్తుందో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత అడంగల్ (చిత్తూరు) సమాధానం

మీరు మొదట చెట్ల సంగతి పక్కనపెట్టి భూమి సంగతి తేల్చుకోండి. రెవెన్యూలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిగా చెబుతున్నాను, ఇలాంటి వివాదం నిలిచినా వీగిపోయినా రిజిస్టరులోని ఒక గడి దగ్గరే. వెబ్‌ల్యాండ్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డులో, ప్రభుత్వ భూమి అని కనిపించినంత మాత్రాన అక్కడ ఆగిపోవద్దు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మీ ప్రాంతం ఉత్తర ఆర్కాటులోనిది, మద్రాసు పద్ధతిలో సెటిల్‌మెంటు జరిగినది. అందుచేత డైగ్లాట్ రిజిస్టరు (రెండు భాషల్లో రాసిన పాత సెటిల్‌మెంటు రికార్డు) గానీ, ఒకప్పటి ఎస్టేటు (జమీందారీ) గ్రామమైతే ఫెయిర్ అడంగల్ (ఎస్టేటు గ్రామాల సెటిల్‌మెంటు రికార్డు) గానీ మీకు మూలాధారం. మీ సర్వే నంబరుకు ఎదురుగా తోపు పోరంబోకు అని ఉందా, వంక పోరంబోకు అని ఉందా, అనాధీనం (ఎవరికీ ఇవ్వని ప్రభుత్వ భూమి) అని ఉందా అన్నది అందులో చూడాలి. రీసర్వే జరిగిన గ్రామమైతే పాత నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది కాబట్టి, ఆ రెండింటినీ కలిపి చూపే పట్టికను, గ్రామ పటాన్ని కూడా అడిగి తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

తోపు పోరంబోకు అని తేలితే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 58వ సెక్షను మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువులనూ బండ్లనూ నిలిపే చోట్లతో పాటు తోపులను కూడా పేరుపెట్టి చెప్పి, అవి గ్రామపంచాయతీకి దఖలు పడతాయంటుంది. అలా పంచాయతీకి దఖలుపడిన పోరంబోకును వెనక్కి తీయాలంటే దానికి నోటిఫికేషను ఉండాలి. మీ దగ్గర ఆ నోటిఫికేషను వచ్చిందా, వస్తే పంచాయతీ ఏమని తీర్మానించింది? నా ఉద్దేశంలో మీ అర్జీలో మొదటి వాక్యం ఇదే కావాలి. పంచాయతీ ఇన్నేళ్లుగా వేలం వేసిన రసీదులు, నగదు పుస్తకంలోని పద్దులు ఆ భూమి పంచాయతీ నిర్వహణలో ఉందని చూపే సాక్ష్యాలు. వాటి నకళ్లు ఇప్పుడే తీసిపెట్టుకోండి, పాత పుస్తకాలకు చెదలు పట్టిన పంచాయతీలను నేను చాలా చూశాను.

వంక పోరంబోకు అని ఉంటే వాదన ఇంకా సులువు, ఎందుకంటే నీటి పోరంబోకులను అసైన్ చేయకూడదన్న (పట్టాగా ఇవ్వకూడదన్న) నిషేధం మద్రాసు రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్ల కాలం నుంచీ ఉంది. అనాధీనం అని ఉంటే మాత్రం కష్టం. అప్పుడు మీకు మిగిలేది చెట్ల వాదనే.

ఇంకొక మాట. ఉమ్మడి భూముల గురించి మాట్లాడేవారు జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తప్పక తెస్తారు. గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించమన్న తీర్పు అది. అయితే భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వ నోటిఫికేషను కింద ఇచ్చిన చోట్లకు అందులోనే మినహాయింపు ఉంది. మీరు ఆ తీర్పును చూపితే ఎదుటివారు ఆ వాక్యాన్ని చూపుతారు. పూర్తిగా చదవకుండా జతపరచవద్దు.

వనమాలి (తిరుపతి) సమాధానం

వృక్షశాస్త్రం బోధించేవాడిని కాబట్టి చెట్ల వైపు నుంచి కొంత చెబుతాను. మీ కుర్రవాళ్ల ఉత్సాహం మెచ్చుకోదగినదే గాని, కంచ గచ్చిబౌలి పోలిక మీకు పూర్తిగా సరిపోదు. అక్కడ 400 ఎకరాల్లో యంత్రాలతో చెట్లు కూల్చుతుండగా సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న తనంత తానుగా విచారణకు తీసుకుని ఆపివేసింది. దాని వెనుక ఉన్నది 1996 డిసెంబరు 12 నాటి గోదావర్మన్ కేసు ఉత్తర్వు, అంటే యాజమాన్యం ఎవరిదైనా నిఘంటువు అర్థంలో అడవి అనదగినదంతా అటవీ సంరక్షణ చట్టం, 1980 కిందికి వస్తుందన్న మాట. 2023 సవరణ తర్వాత కూడా రాష్ట్రాల రికార్డులు సిద్ధమయ్యే వరకు ఆ అర్థాన్నే పాటించమని 2024 ఫిబ్రవరి 19న కోర్టు మధ్యంతరంగా చెప్పింది. కాని ఊరివాళ్లు వరుసలు తీర్చి నాటి, ఏటా ఫలసాయం అమ్ముకునే ఏడెకరాల తోపును అడవి అని నిరూపించడం తేలిక కాదు. శేషాచలం వంటి అడవి పక్కనే ఉన్న మనకు ఆ తేడా కంటికే తెలుస్తుంది. అడవి అన్న మాట మీదనే వాదన అంతా నిలబెడితే, ఆ ఒక్క మాట పడిపోయిన రోజున మొత్తం పడిపోతుంది.

మీకు దగ్గరి ఉదాహరణ బెంగళూరు పక్కన దేవనహళ్లి తాలూకాలోని నల్లూరు. అక్కడి చింతతోపు 54 ఎకరాలది. 2007లో కర్ణాటక ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, దేశంలో ఆ గుర్తింపు మొదట పొందినది అదే. జీవవైవిధ్య చట్టం, 2002లోని 37వ సెక్షను కింద స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఇలా ప్రకటించవచ్చు. మీ పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ కాగితం మీదనైనా ఉండే ఉంటుంది. తోపును ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కించమని ఆ కమిటీ చేత తీర్మానం చేయించండి. ఇది లేఅవుట్‌ను రేపే ఆపదు, కాని ఫైలులో తోపుకు ఒక పేరు, ఒక విలువ ఏర్పడతాయి.

దానికి ముందు మీరే ఒక పని చేయాలి. ప్రతి మానుకూ సంఖ్య ఇచ్చి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపుతో చుట్టుకొలత తీసి, కొలత పట్టిన మనిషితో సహా ఫొటో తీసిపెట్టండి. తొర్రల్లో పైడికంటెలు, చిలుకలు ఉంటే అవీ రాయండి. గుర్తులు వేసిన మానులు ఏవో విడిగా చూపండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం, 2002 ప్రకారం చెట్లు నరకడానికి ముందస్తు అనుమతి అవసరం. ఎన్ని మానులు, ఎంత లావువి అన్న లెక్క మీ దగ్గర లేకపోతే, నరికిన తర్వాత అవి తుమ్మ పొదలని ఎవరైనా రాసినా మీరు కాదనలేరు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) దక్షిణ బెంచి చెన్నైలో ఉంది కదా అని చాలామంది మొదట అటే చూస్తారు. అది అటవీ సంరక్షణ, పర్యావరణ పరిరక్షణ, జీవవైవిధ్యం వంటి కొన్ని కేంద్ర చట్టాల కింది వివాదాలనే వింటుంది, అదీ కారణం ఏర్పడిన 6 నెలల లోపు. పై మిత్రులు చెప్పిన 58వ సెక్షను వాదనకు చోటు హైకోర్టే.

కాలనీ నుంచి (పులిచెర్ల వైపు) సమాధానం

పై సమాధానాలు రెండూ చదివాను. చట్టాలు తెలిసినవారు చెప్పారు, సంతోషం. నేను ఎస్సీ కాలనీలో ఉంటాను. మా అత్తగారిల్లు, ఇద్దరు మరుదుల సంసారాలు, మాది, అన్నీ ఒకే కప్పు కింద. మా ఊళ్లోనూ ఇలాంటి తోపు ఉంది. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి చింతపండు పనికి పోతున్నాను. పులుపుకు వేళ్ల కొసలు పగిలి, అన్నంలో చెయ్యి పెడితే మండుతుంది. వేలం డబ్బుతో మెయిన్ వీధికి లైట్లు వచ్చాయి, గుడికి రంగులు వచ్చాయి, మా కాలనీకి ఏం వచ్చిందో నేను చెప్పనక్కర లేదు. అందువల్ల మనందరి తోపు అని మీరు అర్జీలో రాసేటప్పుడు, ఆ అందరిలో ఎవరున్నారో ఒకసారి చూసుకోమని కోరుతున్నాను.

అలాగని తోపు కొట్టి స్థలం ఇవ్వమని నేను అనడం లేదు. 2020 డిసెంబరులో పట్టాలు పంచినప్పుడు మాకు సెంటున్నర చొప్పున వంక పక్క పల్లంలో ఇచ్చారు. మరుసటి సంవత్సరం నవంబరులో తిరుపతిని ముంచిన ఆ వానల్లో మా సరిహద్దు రాళ్లు కూడా కనిపించలేదు. పునాది వేసుకున్న ఇద్దరు ముగ్గురు అక్కడితో వదిలేశారు, మిగిలినవాళ్లం పట్టా కాగితాన్ని పెట్టెలో దాచుకున్నాం. మీ తోపు కూడా వంక ఒడ్డునే అంటున్నారు. రోడ్డు పక్క భూమికి ధర పలుకుతుంది కనుక పేదవాడికి ఎప్పుడూ వంక పక్కదే చూపిస్తారు. మీ అభ్యంతరంలో ఈ మాట లేకపోతే, చెట్టు మీద ఉన్న ప్రేమ మనిషి మీద లేదని మా వాళ్లు అనుకోవడంలో తప్పేముంది?

తోపు వద్దు అనే తీర్మానంలోనే, ఇళ్ల స్థలాలకు ఫలానా సర్వే నంబరు ఇవ్వండి అని కూడా ఉండాలి. రెండు తీర్మానాలుగా చేస్తే మొదటిది అమలవుతుంది, రెండోది ఫైలులో ఉంటుంది.

తోపుగట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫెయిర్ అడంగల్ నకలుకు, వేలం పద్దులకు దరఖాస్తులు పెట్టాను. మానుల కొలతలు కుర్రవాళ్లు మొదలుపెట్టారు. కాలనీ నుంచి రాసిన అమ్మా, మీ మాట మా ఊరి కాలనీ పెద్దలు ఇంతకన్నా ఘాటుగా అన్నారు; లబ్ధిదారుల జాబితాలో ఉన్నవారిలో ఎక్కువమందికి వంక పక్కనున్న తోపు స్థలం అంటే ఇష్టం లేదు, కాని కాదంటే అసలు స్థలమే రాదేమోనన్న భయం వల్ల బయటికి చెప్పడం లేదు. వారితో కలిసే గ్రామసభ కోరదామని అనుకున్నాం. పాత అడంగల్ గారూ, బదులు భూమి చూపాలంటే పట్టా భూమి కొనమని పంచాయతీ అడగవచ్చా?

పాత అడంగల్

అడగవచ్చు. యజమాని ఒప్పుకుంటే ధర మాట్లాడి కొనవచ్చు, లేకపోతే 2013 భూసేకరణ చట్టం ఉంది; రెండో దారి చాలా కాలం పడుతుంది, ఖర్చు కూడా ఎక్కువ. కాని తహసీల్దారు మిమ్మల్ని అడగబోయే మొదటి ప్రశ్న, ఊళ్లో వేరే ప్రభుత్వ భూమి లేదా అని. దానికి జవాబు మీరు ముందే సిద్ధం చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద ఉన్న నిషేధిత (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల) జాబితాలో మీ గ్రామం తీసి, ప్రభుత్వ సర్వే నంబర్లన్నీ రాసుకుని, ఒక్కొక్కటి ఈరోజు ఎవరి సాగులో ఉందో పక్కన రాయండి. మిట్ట మీద, రోడ్డుకు దగ్గరగా ఉన్న ప్రభుత్వ భూమి ఒకటి రెండుచోట్ల మామిడితోటగా మారి, ఊరి పెద్దల ఆధీనంలో ఉండటం మన వైపు కొత్త కాదు. తోపు కోసం అర్జీ మీద సంతకం పెట్టినవారిలో వారే ఉంటే మీకు ఇబ్బంది కలుగుతుంది. అయినా ఆ నంబరును జాబితాలోంచి తీసేయకండి, కాలనీవారు మీ పక్కన నిలబడేది దాన్ని చూసే.

తీర్మానం ప్రతి మీద పంచాయతీ కార్యదర్శి సంతకం, తేదీ, హాజరైనవారి సంతకాలు ఉండేలా చూసుకుని, కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. లేఅవుట్ పనులకు యంత్రం రాకముందే ఆ రసీదు మీ చేతిలో ఉంటే, హైకోర్టుకు పోవలసి వచ్చినా మీ న్యాయవాదికి పని సగం తగ్గుతుంది.