బెంగళూరు బ్రూపబ్‌ను హైదరాబాద్‌కు తీసుకువెళ్లడం: ముందుగా దేని గురించి ఆలోచించాలి?

ప్రశ్న (నురగ_గ్లాసు):

అందరికీ నమస్కారం. బెంగళూరులో తొమ్మిదేళ్లుగా నడుస్తున్న ఒక బ్రూపబ్‌లో (బీరు అక్కడే కాచి అక్కడే అమ్మే పబ్) నేను చిన్న భాగస్వామిని. మా ఐదుగురిలో ఇద్దరం తెలుగువాళ్లం కావడం వల్లనేమో, రెండో శాఖను గచ్చిబౌలి వైపు పెడదామన్న మాట ముందుగా మా నోటి నుంచే వచ్చింది. శనివారం రాత్రి ఒకటి రెండు బల్లల దగ్గరైనా హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు, "మా ఊళ్లో ఎప్పుడు పెడతారండీ" అని అడగకుండా వెళ్లరు.

అయితే జూబ్లీహిల్స్ నుంచి కొండాపూర్ దాకా బ్రూపబ్‌లు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. మా ఊరి బ్రూపబ్ ప్రోస్ట్ కూడా మాకంటే చాలా ముందే అక్కడికి వెళ్లింది. మేము చూసిన చోటు పన్నెండు వేల చదరపు అడుగులు, నాలుగో అంతస్తు, పైన డాబా. మన పేరు చాలు, జనం వాళ్లే వస్తారని మిగతా ముగ్గురి వాదన. నాకు ఆ ధీమా లేదు. ఇక్కడ కాచిన బీరును అక్కడికి పంపడానికి వీల్లేదు కనుక సామగ్రి అంతా కొత్తగా కొనాలి. స్థలం, ధర, బీరు, ఈ మూడింటిలో ముందుగా దేని గురించి బెంగపడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (జమాఖర్చు):

పేరు చాలన్న మీ భాగస్వాములకు స్టోన్ బ్రూయింగ్ బెర్లిన్ కథ ఒకసారి చెప్పండి. కాలిఫోర్నియాలో 1996లో మొదలై, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు దండిగా ఉండే ఐపీఏ రకం బీర్లతో అమెరికా అంతటా పేరు తెచ్చుకున్న కంపెనీ అది. బెర్లిన్ దక్షిణాన మారియెన్‌డోర్ఫ్‌లో ఒక పాత గ్యాస్ కర్మాగారం భవనాన్ని తీసుకుని, దాదాపు రెండున్నర కోట్ల డాలర్ల పథకంతో 2016లో బ్రూవరీ, రెస్టారెంటు తెరిచింది. 2019లో స్కాట్లాండ్‌కు చెందిన బీరు కంపెనీ బ్రూడాగ్‌కు దాన్ని అప్పగించి వెనుదిరిగింది. బీరు బాగాలేదని ఎవరూ అనలేదు. కానీ నాణ్యమైన బీరు ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ చవకగా దొరికే దేశంలో అంత ధర పెట్టేవాళ్లు కొద్దిమందే. పైగా ఆ చోటు నగరం నడిబొడ్డుకు దూరం. జర్మనీలో చాలా పబ్బులు అప్పులకో సామగ్రికో ప్రతిగా ఏదో ఒక పెద్ద బ్రూవరీకి కట్టుబడి ఉంటాయి కాబట్టి బయటివాళ్ల బీరు కుళాయిలకూ సులువుగా చోటు దొరకదు. ఇన్ని అడ్డంకుల ముందు స్వదేశంలోని పేరు ఎంత పెద్దదైతే మాత్రం ఏమిటి?

మీ లెక్కకు వస్తాను. బీరు పులిసే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఎనిమిది పెడతారనుకుందాం. గోధుమ బీరు, ఏల్ (కాస్త వెచ్చగా, త్వరగా పులిసే బీరు) వంటివి రెండు వారాల్లో తయారవుతాయి కానీ లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులిసేది) ట్యాంకును ఐదారు వారాలు ఖాళీ చేయదు. రెండు ట్యాంకులు లాగర్‌కు వదిలేస్తే, మిగిలిన ఆరింటి నుంచి నెలకు ఎక్కువలో ఎక్కువ 12,000 లీటర్లు వస్తాయి. అంటే రోజుకు సగటున 800 అర లీటరు గ్లాసులు, లాగర్ కూడా కలిపితే దాదాపు 900. అద్దె, జీతాలు, లైసెన్సు రుసుము అన్నీ ఆ 900 గ్లాసుల మీద, వాటితోపాటు అమ్ముడయ్యే తిండి మీద పడతాయి. సోమవారం మధ్యాహ్నం మీ హాలు ఎలా ఉంటుందో ఊహించుకుని, ఆ పూట అమ్మకంతో లెక్క వేసి చూడండి. శనివారం అమ్మకాలతో వేసిన లెక్క ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది.

జవాబు 2 (వోర్ట్‌కుండ):

నేను బ్రూవర్‌ని. మీలాగే బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చిన ఒక సంస్థలో (పేరు వద్దు) మొదటి రెండేళ్లు పనిచేశాను. మీరు అడిగిన మూడింటిలోనూ లేనిది ఒకటి చెబుతాను: చిల్లర్, అంటే బీరు పులిసే ట్యాంకులను చల్లబరిచే యంత్రం.

అక్కడి నమూనానే ఇక్కడా దింపారు. ఏప్రిల్ దాకా ఇబ్బంది లేదు. మే నెలలో, డాబా మీద ఎండ 42 డిగ్రీలు దాటిన ఒక మధ్యాహ్నం, వేడిని బయటికి తోయలేక గ్లైకాల్ చిల్లర్ పదే పదే ఆగిపోయింది. 18 డిగ్రీల దగ్గర పులియవలసిన గోధుమ బీరు తెల్లవారేసరికి 26కు ఎక్కింది. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం వాసన సమపాళ్లలో ఉండాలి. వేడెక్కితే ఈస్టు అరటిపండు వైపు పరుగెడుతుంది. ట్యాంకు మూత దగ్గర ముక్కు పెడితే, మగ్గబెట్టిన గెల పక్కన నిలబడ్డట్టుంది. వెయ్యి లీటర్లూ ఎక్సైజ్ పుస్తకంలో రాయించి మోరీలో పోశాం. మీరు చూసిన చోట కూడా యంత్రాలు డాబా మీదికే వెళ్తాయి కదా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక నీళ్లు. బ్రూపబ్‌లో లీటరు బీరుకు ఐదారు లీటర్లకు తక్కువ కాకుండా ఖర్చవుతాయి, ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లు అదనం. వేసవిలో ట్యాంకర్ మీద ఆధారపడితే ఒక్కో ట్యాంకర్‌లో ఒక్కో రకం నీళ్లు. ఆర్‌ఓ చేసి, కాల్షియం క్లోరైడ్, జిప్సం తూకం వేసి కలుపుకుని, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) నానేటప్పుడు పీహెచ్ (పులుపు కొలత) 5.2 నుంచి 5.6 మధ్య నిలిచేలా చూసుకోకపోతే, మీ పాత రెసిపీ కాగితం మీద అదే అయినా గ్లాసులో వేరే బీరు అవుతుంది. బెంగళూరులో మీ బీరు తాగినవాళ్లే ముందుగా దాన్ని పట్టుకుంటారు. అందుకని పన్నెండు రకాలతో తెరవకండి. నాలుగింటితో మొదలుపెట్టండి, ఆ నాలుగూ ఇక్కడి నీళ్లకు కుదురుకున్నాకే ఐదోదాన్ని ముట్టుకోండి.

నురగ_గ్లాసు:

చిల్లర్ సంగతి మా ఐదుగురిలో ఒక్కరికీ తట్టలేదు, ధన్యవాదాలు. ఒక ఉపప్రశ్న: ముంబై దగ్గరి డోంబివ్లీలో గేట్‌వే బ్రూయింగ్ అనే కంపెనీ ఒకే చోట కాచి ముంబై బార్లకు కెగ్గులు (బీరు పీపాలు) సరఫరా చేసిందని విన్నాను. అలా చిన్నగా, ముందు ఇతర బార్లలో మా బీరు కుళాయిలతో మొదలుపెట్టే దారి మాకు లేదా?

జవాబు 3 (మాసాల_లెక్క):

అది మహారాష్ట్ర నిబంధనల వల్ల కుదిరిన దారి. తెలంగాణలో బ్రూపబ్ లైసెన్సు కాచిన చోటే అమ్మడానికి, అందుకే ప్రతి కొత్తవారూ మొదటి రోజే పూర్తి పెట్టుబడితో దిగవలసి వస్తుంది. అయితే ఇందులో ఒక మేలూ ఉంది. 2025 జనవరిలో బకాయిల విషయంలోనూ ధరల విషయంలోనూ ప్రభుత్వ కార్పొరేషన్‌తో పేచీ వచ్చి, కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు కింగ్‌ఫిషర్ సరఫరా కొన్ని రోజులు ఆపేసింది గుర్తుందా? ఆ ఫిబ్రవరిలోనే సీసా బీరు ధర 15 శాతం పెరిగింది. ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారా అమ్మేవారికి వచ్చే ఆ తలనొప్పి మీ బీరుకు ఉండదు, డబ్బు ఆ రాత్రే గల్లాపెట్టెలోకి వస్తుంది.

స్థలం గురించి నా మాట ఒక్కటే: లిఫ్టు ఎక్కి రావలసిన నాలుగో అంతస్తుకు దారినపోయేవాళ్లు రారు, తెలిసి వచ్చేవాళ్లే రావాలి. కొత్త ఊళ్లో మీకు లేనిది వాళ్లే.

ఇక ఎప్పుడు తెరవాలన్నది. శ్రావణంలో మాంసం, మద్యం మానేసే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వినాయక నిమజ్జనం రోజు పోలీసు ఉత్తర్వులతో మద్యం అమ్మకాలు మూతపడతాయి. కార్తీకం నుంచి సంక్రాంతి వరకు అయ్యప్ప మాలలు. ఆఫీసు నుంచి ఎనిమిది మంది కలిసి వచ్చే బృందంలో ఇద్దరు మాల వేసుకుంటే ఆ ఇద్దరే తగ్గరు, ఒక్కోసారి ఆ బల్లే రాదు. బెంగళూరు అలవాటుతో దసరాకు తెరుద్దామనుకుంటే, తొలి మూడు నెలల అద్దె సరిగ్గా ఆ రోజుల్లోనే కట్టవలసి వస్తుంది. యజమానితో మాట్లాడేటప్పుడు అద్దె లేని నెలలు అడగండి, అవి తెరిచిన రోజు నుంచి కాక లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి మొదలవుతాయని అంటే మాత్రం ఒప్పుకోకండి. సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో తెరవగలిగితే ఎండాకాలం మొత్తం మీ చేతిలో ఉంటుంది, పై మిత్రుడు చెప్పిన చిల్లర్ గట్టిదైతే.