నేచర్ పోటీకి పంపే ఫొటోలో ఒక్క దారం చెరిపేస్తే తప్పా?

గుంటూరు_క్లిక్:
అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్లిన వారానికి గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్లాను. పొద్దున్నే చెరువు మధ్య చెట్టు మీద పెలికాన్ పిల్లకి మేత పెడుతోంది, పిల్ల తల మొత్తం తల్లి గొంతు సంచిలో ఉంది, ఎండ సరిగ్గా పక్కనుంచి పడుతోంది, నాలుగేళ్లుగా తిరుగుతున్నా అలాంటి ఫ్రేమ్ నాకెప్పుడూ దొరకలేదు. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే కొమ్మ నుంచి దారం వేలాడుతోంది. సన్నగా, గులాబీ రంగులో, పిల్ల రెక్క మీదుగా. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో, మచ్చలు చెరిపే హీల్ టూల్‌తో ఒక్క గీత గీస్తే పోయింది. సలోన్‌లో, అంటే ఫొటోల పోటీలో, నేచర్ విభాగానికి పంపుదామంటే మా క్లబ్బులో ఒక పెద్దాయన వద్దన్నారు. పక్షిని మార్చలేదు, గూడు మార్చలేదు. ఫ్రేమ్‌లో ఒక శాతం కూడా లేని దారం తీస్తే మోసం ఎలా అవుతుంది?

పందిరి_ఫొటోలు:
ఏమీ కాదు తమ్ముడూ, పంపెయ్. నేను పెళ్లిళ్లు తీస్తాను. జీలకర్ర బెల్లం ఫొటోలో పెళ్లికూతురి వెనక కూల్‌డ్రింక్ సీసా, వీడియో వాళ్ల లైటు స్టాండు, వేలాడే వైరు, ఇవి తీయకుండా ఆల్బమ్ ఇస్తే ఆ అమ్మాయి జీవితాంతం ఆ సీసానే చూసుకోవాలి. పని నేర్చుకునే రోజుల్లో క్లోన్ స్టాంప్‌తో (పక్క భాగాన్ని కాపీ చేసి అద్దే టూల్) ఒక వైరు తీయడానికి అరగంట పట్టేది. 2010లో ఫొటోషాప్ సీఎస్5లో కంటెంట్ అవేర్ ఫిల్ (చెరిపిన చోటుని సాఫ్ట్‌వేరే నింపేస్తుంది) వచ్చాక రెండు నిమిషాల పని అయింది, ఇప్పుడు ఫోన్‌లోనే వేలితో చెరిపేస్తున్నారు. అమెరికాలో 1970లో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో జరిగిన కాల్పుల ఫొటో తెలుసుగా, శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తున్న అమ్మాయి. ఆమె తల వెనకున్న స్తంభాన్ని తీసేసి కొన్ని పత్రికలు వేశాయి. జరిగిన ఘోరం ఏమైనా తగ్గిందా?

పాత_డెస్కు:
పందిరి గారూ, పెళ్లి ఆల్బమ్ గురించి మీతో గొడవే లేదు. డబ్బిచ్చినవాళ్లు అడిగారు, మీరు చేశారు, ఎవరికీ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ స్తంభం సంగతి బయటపడ్డాక ఆ ఫొటో గురించి మాట్లాడేవాళ్లు స్తంభం గురించి కూడా మాట్లాడుతున్నారు, ఆ అమ్మాయి ఏడుపుకి అదొక మచ్చ. ఇరవై ఏళ్లు పత్రికలో ఫొటోలు ఎంపిక చేసే పని చేశాను కాబట్టి నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు. నార్సిసో కాంట్రెరాస్ అనే ఫొటోగ్రాఫర్ 2013లో పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం బహుమతి గెలిచిన అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తా సంస్థ బృందంలో ఒకరు. సిరియాలో తీసిన ఒక ఫొటోలో మూలన పడి ఉన్న వీడియో కెమెరాను చెరిపేశారని తేలి, 2014 జనవరిలో ఏపీ ఆయనతో సంబంధం తెంచుకుంది. ఆయన ఫొటోలు దాదాపు 500 వెతికితే ఇంకొక్క దాంట్లో కూడా మార్పు లేదు. అయినా తెంచుకుంది.

గుంటూరు_క్లిక్:
సర్, అది యుద్ధం. ఇది పక్షి. పైగా క్రాప్ చేయొచ్చంట! సగం ఫ్రేమ్ కోసేస్తే ఒప్పు, దారం తీస్తే తప్పు, ఇదేం న్యాయం?

పాత_డెస్కు:
న్యాయమే. క్రాప్ చేస్తే లోపల మిగిలినదంతా కెమెరా చూసిందే. దారం వెనకున్న ఈకల్ని మీ కెమెరా చూడలేదు, సాఫ్ట్‌వేర్ పక్క ఈకలు తెచ్చి అక్కడ అతికించింది. 2010 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో స్టెపాన్ రూదిక్ అనే ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకున్నది కూడా ఇందుకే. బాగా క్రాప్ చేసి నలుపు తెలుపులోకి మార్చినా జ్యూరీ పట్టించుకోలేదు, వెనక కనిపిస్తున్న ఒక పాదం ముక్కని తీసేసినందుకు రద్దు చేసింది. మీరు పంపే నేచర్ విభాగానికి ఫియాప్, పీఎస్ఏ అనే ఫొటోగ్రఫీ సంఘాలు ఇచ్చిన నిర్వచనంలోనూ అదే ఉంది: క్రాప్ తప్ప ఇంకే రకంగానూ ఫొటోలో ఉన్నదాన్ని తీసెయ్యకూడదు. సెన్సర్ మీద దుమ్ము మచ్చ, నాయిస్ తీసుకోవచ్చు, ఎందుకంటే అవి కెమెరా కలిపినవి. అనుమానం వస్తే రా ఫైల్, అంటే కెమెరా తీసిన అసలు ఫైల్ అడుగుతారు, అప్పుడు టెన్షన్ పడేది మీరే.

చెరువుగట్టు:
మీ చర్చంతా చదివాక ఉండబట్టలేక రాస్తున్నా. సంక్రాంతి తర్వాత వారం, గులాబీ దారం అంటున్నారు. అది గాలిపటం మాంజా కాదా? నైలాన్ మాంజాని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఏటా పండగ అయ్యాక మేం కొందరం నిచ్చెనలు వేసుకుని చెట్ల మీద దారాలు కోస్తాం. పోయినేడు ఒక కొంగ రెక్కకి చుట్టుకుని, కొమ్మకి తలకిందులుగా మూడు రోజులు వేలాడిందని ఊరివాళ్లు చెప్పారు, మేం వెళ్లేసరికి ప్రాణం పోయింది. అన్నా, మీరు చెరిపేసింది చెత్త కాదు. ఆ పిల్ల ఎగరడం నేర్చుకునేటప్పుడు దాని రెక్కకి తగిలేది ఆ దారమే. మీ ఫొటోలో అందరికంటే ముందు కనిపించాల్సింది అది. నిర్వచనంలో ఇంకో మాట కూడా ఉంది, ఆ ప్రాణి కథలో తప్పనిసరి భాగమైతే మనిషి ఆనవాళ్లు ఉండొచ్చని. ఊరి చెరువులో గూడు కట్టుకున్న పెలికాన్ అంతకంటే ఏముంది?

పందిరి_ఫొటోలు:
చెరువుగట్టు చెప్పింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ ఒక్క ఫొటో వరకు. పెళ్లి సీసాలు మాత్రం తీస్తూనే ఉంటా. తమ్ముడూ, గోడకి ప్రింట్ వేసుకోవాలనుకుంటే మాత్రం ఒక్క గీతతో వదిలెయ్యకు, ఈకల మీద హీల్ పెడితే అంచుల దగ్గర రంగు అలికినట్టు అవుతుంది. ఫొటోషాప్‌లో కొత్త లేయర్ తీసుకుని, రెక్క అంచు దగ్గర చిన్న క్లోన్ స్టాంప్ వాడు, ఈక వాలు ఎటుంటే అటే లాగు.

గుంటూరు_క్లిక్:
రా ఫైల్ మళ్లీ తెరిచి 200 శాతం జూమ్ చేశాను. దారం కొమ్మకి రెండు చుట్లు తిరిగి ఉంది, కొస గూట్లోకి పోయింది. ఇది నేను ముందు చూడనే లేదు, తీసెయ్యాలన్న తొందరలో ఉన్నా. దారంతోనే పంపుతా. ఫొటోలో పక్షికి ముందు అడ్డమొచ్చే మసక కొమ్మని తీయడం కూడా తప్పే అంటే మాత్రం పాత డెస్కు సర్‌తో నేను ఒప్పుకోను, దాని మీద వేరే చర్చ పెడతా. చెరువుగట్టు, ఆ చెట్టు నాకు గుర్తుంది, వాచ్‌టవర్ వైపు నుంచి చూపించగలను. గూట్లో పిల్లలు ఉండగా నిచ్చెన వేస్తే తల్లి లేచిపోతుందేమో, ఎప్పుడు కోస్తే మంచిదో చెప్పండి. ఆదివారం పొద్దున్నే అక్కడుంటాను.