అప్‌డేట్: పాత సర్వర్‌లో ఎన్‌వీఎంఈ పెట్టేశాను

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా ఫొటో స్టూడియోలో ఉన్న 2012 నాటి సర్వర్‌కి ఎన్‌వీఎంఈ డ్రైవ్ (ఫైళ్లు దాచుకునే చాలా వేగమైన కొత్తరకం ఎస్‌ఎస్‌డీ) పనిచేస్తుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. పనిచేసింది. మీరు చెప్పినట్టే ఒక్క డ్రైవ్ పట్టే పీసీఐఈ అడాప్టర్ (మదర్‌బోర్డు మీది పీసీఐఈ స్లాట్‌లో డ్రైవ్‌ని బిగించే కార్డు) కొన్నాను.

ఆ డ్రైవ్ నుంచి బూట్ మాత్రం అవలేదు. సర్వర్‌ని స్టార్ట్ చేసే ఆ పాత బయాస్ ప్రోగ్రామ్‌కి ఎన్‌వీఎంఈ అంటే ఏంటో తెలీదు మరి. అందుకే లైనక్స్‌ని సాటా అనే పాతరకం కనెక్షన్‌తో ఉన్న ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచి, పెళ్లి ఫొటోలన్నీ కొత్తదాంట్లోకి మార్చాను. సాటాలో సెకనుకు 550 ఎంబీ దాటేది కాదు. ఇప్పుడు పీసీఐఈ 3.0 స్లాట్‌లో 3 జీబీ పైనే చూపిస్తోంది.

అసలు గోల ఫ్యాన్లది. తెలియని కార్డు కనబడేసరికి ఫుల్ స్పీడ్ అందుకున్నాయి. మా నాన్న మేడ దిగొచ్చి "ఆ మిక్సీ ఆపరా బాబూ" అన్నారు. ఐపీఎంఐ (సర్వర్ హార్డ్‌వేర్‌ని కంట్రోల్ చేసే పద్ధతి) కమాండ్‌తో వాటి స్పీడ్ తగ్గించాను. డ్రైవ్ వేడి తగ్గించే హీట్‌సింక్ ఇంకా రావాలి.