శిక్ష పెట్టినా సహకారం నిలవట్లేదు: సిమ్యులేషన్‌లో తప్పెక్కడ?

పాచిక:
ఉమ్మడి నిధి ఆటని ఏజెంట్లతో (కంప్యూటర్‌లో సొంతంగా ఆడే ఆటగాళ్లతో) నడుపుతున్నాను. తమ టోకెన్లలో ఎన్ని నిధిలో వేయాలో వాళ్లే తేల్చుకుంటారు. గుంపుకి నలుగురు, తలా 20 టోకెన్లు. నిధిలో పడ్డ ప్రతి టోకెన్‌కీ నలుగురికీ తలా 0.4 వస్తుంది. శిక్షకి 1 ఖర్చు పెడితే అవతలివాడికి 3 పోతాయి. వేసేవాళ్లు, ఎగ్గొట్టేవాళ్లు, వేసి శిక్షించేవాళ్లు అని మూడు రకాలు. ప్రతి రౌండ్ తర్వాత తమ గుంపులో ఎక్కువ మిగిలినవాణ్ణి చూసి మారతారు. ముందు శిక్షించేవాళ్లు పోతున్నారు, వెనకే వేసేవాళ్లూ పోతున్నారు. ఎగ్గొట్టినవాడి మీద 5 ఖర్చు పెట్టిస్తున్నాను. చాలదా?

లెక్కలపెట్టె:
కోడ్‌లో తప్పు ఉండకపోవచ్చు. ముగ్గురు పూర్తిగా వేసి ఒకడు ఎగ్గొడితే వాడికి 44, మిగతావాళ్లకి 24. వేసి ఉంటే వాడికి 32 వచ్చేవి, కాబట్టి ఎగవేత లాభం 12. మీ 5 టోకెన్లు 15 కోస్తాయి, వాడికి 29 మిగులుతాయి. ముందుచూపుతో ఆడే మనిషికి 29 కన్నా 32 మేలు, దారికొస్తాడు. కానీ మీ ఏజెంట్లు పక్కవాడి చేతిలో ఉన్నది చూసి మారేవాళ్లు. వాళ్ల కంటికి 29 అంటే 24 కన్నా ఎక్కువే! ఒక్కడే శిక్షిస్తుంటే ఎగ్గొట్టినవాణ్ణి 24 కిందికి దించడానికి 7 కావాలి. అప్పుడు వాడికి 23, శిక్షించినవాడికి 17, ఊరకున్న ఇద్దరికీ 24. అందరూ ఊరకున్నవాళ్లనే అనుకరిస్తారు. శిక్షించే ఖర్చు ఎగ్గొట్టడం కూడా ఎగవేతే. ముగ్గురూ కలిసి శిక్షించి ఖర్చు పంచుకుంటే మొత్తం 8 చాలు: వాడికి 20 మిగులుతాయి, వీళ్లకి తలా 21 పైనే.

పాచిక:
ఆ ముగ్గురూ కలిసి రావడం మొదట ఎలా జరుగుతుంది? మొదట్లో శిక్షించేవాళ్లు చాలా తక్కువ కదా.

గట్టుమనిషి:
దీనికి రెండు దారులున్నాయి. బాయిడ్, గింటిస్, బౌల్స్, రిచర్సన్ 2003 మోడల్‌లో చాలా గుంపులుంటాయి, వాటి మధ్య పోటీ ఉంటుంది, ఓడిన గుంపు గెలిచినవాళ్ల పద్ధతిలోకి వస్తుంది. ఎగ్గొట్టేవాళ్లు తగ్గేకొద్దీ శిక్ష ఖర్చు దాదాపు సున్నాకి వస్తుంది కాబట్టి, గుంపుల పోటీ కొద్దిగా ఉన్నా శిక్షించేవాళ్లు నిలబడతారు. వలస రేటు, అంటే ఏజెంట్లు ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి మారే వేగం, తక్కువగా ఉంచండి. అది పెరిగితే గుంపుల మధ్య తేడా చెరిగిపోయి మొత్తం కూలుతుంది.

రెండోది మీ ప్రశ్నకి నేరుగా జవాబు. 2010లో బాయిడ్, గింటిస్, బౌల్స్ చూపింది ఇదే: శిక్షించడానికి సిద్ధమని ముందు చిన్న ఖర్చుతో తెలపాలి, సరిపడా మంది తేలితేనే శిక్షించాలి. మంది చాలకపోతే ఆ చిన్న ఖర్చే పోతుంది. మీ నలుగురి గుంపులో ‘కనీసం ఇద్దరు’ అని పెట్టి చూడండి.

లెక్కలపెట్టె:
నాలుగో రకాన్ని కూడా కలపండి: బాగా వేసేవాళ్లనే శిక్షించేవాడు. హెర్మన్, థోనీ, గెక్టర్ 2008లో 16 నగరాల్లో మీరు పెట్టిన అంకెలతోనే ఆడించారు. బోస్టన్, కోపెన్‌హాగన్‌లలో ఇలాంటి శిక్ష అరుదు. ఏథెన్స్, మస్కట్‌లలో చాలా ఎక్కువ. అది ఎక్కువైన చోట శిక్ష పెట్టినా నిధి పెద్దగా పెరగలేదు. ఎదురుశిక్షకి అవకాశమిస్తే మంచివాళ్లు కూడా వెనక్కి తగ్గుతారని నికిఫొరాకిస్ అదే ఏడు చూపాడు. ఇవి లేని మోడల్ శిక్షని ఉన్నదానికన్నా మంచిగా చూపిస్తుంది.

రౌండ్లు కూడా పెంచండి. 10 రౌండ్లలో శిక్ష ఖర్చే లాభాన్ని తినేస్తుంది. గెక్టర్, రెనర్, సెఫ్టన్ ప్రయోగంలో 50 రౌండ్లు ఆడినప్పుడే శిక్ష ఉన్న గుంపులకి నికరంగా ఎక్కువ మిగిలింది.

గట్టుమనిషి:
బయటి ఉదాహరణ కావాలంటే కర్నూలు జిల్లా కాలువ కింది ఊళ్ల మీద రాబర్ట్ వేడ్ పరిశోధన చూడండి. అక్కడ పొలం కాపలాదారులనీ నీళ్లు పెట్టేవాళ్లనీ ఊరే ఉమ్మడిగా నియమించుకుంది, చేలో పడ్డ పశువులకి జరిమానా ఉండేది. శిక్ష ఖర్చు ఏ ఒక్క రైతు మీదా పడలేదు. ఈ ఏర్పాటు నీటికి కటకట ఉన్న దిగువ ఊళ్లలోనే బలంగా ఉంది. మీ మోడల్‌లో దీన్ని పెట్టాలంటే రౌండ్ మొదట్లోనే తలా ఒక టోకెన్ కాపలా నిధికి తీసుకోండి, అది ఇవ్వనివాణ్ణి కూడా ఎగ్గొట్టినవాడిగానే లెక్కించండి.