గాల్వెస్టన్ క్రూయిజ్: ఏజెంట్ ఇస్తానంటున్న 300 డాలర్ల క్రెడిట్ నిజంగా 300 డాలర్లేనా?

హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చినవారు:

అందరికీ నమస్కారం. మేం హ్యూస్టన్ వచ్చి ఎనిమిది నెలలైంది. చలికాలంలో అమ్మానాన్న వరంగల్ నుంచి వస్తున్నారు. వాళ్ళని ఇక్కడికి దగ్గర్లోని గాల్వెస్టన్ రేవు నుంచి బయల్దేరే ఏడు రాత్రుల క్రూయిజ్‌కి (ఓడ ప్రయాణానికి) తీసుకెళ్దామనుకుంటున్నాం. నలుగురం, రెండు గదులు. ఒక ఏజెంట్ మొత్తం మీద 300 డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఇస్తానంటున్నారు. వేరేచోట అదే షిప్, అవే గదులు 180 డాలర్లు తక్కువకి వస్తున్నాయి కానీ క్రెడిట్ ఏమీ లేదు. 300 ఎక్కువ కదా, ఏజెంట్ దగ్గరే తీసుకోమంటారా? వాడగా మిగిలింది చివర్లో మన చేతికి ఇస్తారా? మా దగ్గర ప్రస్తుతానికి డెబిట్ కార్డు మాత్రమే ఉంది.

కేటీ నుంచి ఒక అక్క:

తమ్ముడూ, అమ్మానాన్నలకి సముద్రం చూపించాలనుకోవడం చాలా సంతోషం. ఏజెంట్‌కి సరే అనేముందు ఒక్క మాట అడగండి. ఆ 300 రిఫండబులా, నాన్-రిఫండబులా? జవాబు నోటితో చెబితే సరిపోదు, ఈమెయిల్‌లో రాసి పంపమనండి.

షిప్ ఎక్కాక మీ గది పేరు మీద ఒక ఖాతా ఉంటుంది. కాఫీ తాగినా, ఫొటో కొన్నా, ఇంటర్నెట్ తీసుకున్నా గది కార్డు చూపిస్తారు, ఖర్చు ఆ ఖాతాకెక్కుతుంది. ఆన్‌బోర్డ్ క్రెడిట్ అంటే ఆ ఖాతాలో మీ తరఫున ముందే వేసిన జమ. రిఫండబుల్ అయితే ఖర్చులు పోగా మిగిలింది ప్రయాణం చివర్లో మీ కార్డుకో, చేతికో తిరిగి వస్తుంది. నాన్-రిఫండబుల్ అయితే షిప్ దిగేలోపు వాడుకోవాలి, మిగిలింది పోయినట్టే. వచ్చే ట్రిప్పుకి జమ చేయమన్నా చేయరు. సేల్ పెట్టినప్పుడు కంపెనీ ఊరికే ఇచ్చే క్రెడిట్ ఎక్కువగా నాన్-రిఫండబులే. బుక్ చేశాక టికెట్ ధర తగ్గితే తేడాని క్రెడిట్‌గా ఇస్తామంటారు చూడండి, అదీ చాలాసార్లు అంతే. ఏజెంట్ తన కమిషన్‌లోంచి ఇచ్చేది రెండు రకాలుగానూ ఉంటుంది, అందుకే అడగమన్నాను.

మాకు జరిగింది చెప్తాను. మా అత్తగారు మామగారు వచ్చినప్పుడు ఇలాగే ఐదుగురం వెళ్ళాం. నాకు అన్నీ ముందే కట్టేస్తే టెన్షన్ ఉండదని అలవాటు. టిప్పులు, షిప్ ఆగే మెక్సికో దీవి కోజుమెల్‌లో బస్సు టూర్, ఇంటర్నెట్ అన్నీ ఇంట్లో కూర్చుని నెల ముందే కట్టేశాను. మాకు 250 క్రెడిట్ ఉందని ఏజెంట్ చెప్పారు, మిగిలింది తిరిగొస్తుందని నేను అనుకున్నాను. చివరి రాత్రి పదింటికి గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ ముందు లైన్లో నిలబడ్డాను. అప్పటికే అందరూ సూట్‌కేసులు కారిడార్లో గది తలుపుల ముందు పెట్టేశారు. మా చిన్నది నా భుజం మీద నిద్రపోతోంది. కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పి, జమ పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న ‘నాన్-రిఫండబుల్’ అన్న మాట మీద వేలు పెట్టి చూపించింది. వారం మొత్తంలో మేం వాడింది 38 డాలర్లు. మిగతా 212 షిప్‌లోనే పోయాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా మామగారు ఆ వారమంతా రెండు డాలర్ల మంచినీళ్ళ బాటిల్ కూడా ‘ఎందుకమ్మా దండగ’ అని వద్దన్నారు. ఆయనకి రోజూ కావలసినంత కాఫీ ఇప్పించగలిగే డబ్బు మా ఖాతాలోనే ఉండిపోయింది.

తరవాత ఆలోచిస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. టిప్పులు ముందే కట్టకుండా ఉంటే సరిపోయేది. ఇప్పుడు చాలా షిప్పుల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా టిప్ దానంతటదే ఖాతాకెక్కుతుంది. మీ లెక్క చూడండి. రోజుకు 18 అనుకుంటే నలుగురికి ఏడు రోజులకి 504 డాలర్లు. అంటే మీరు ఒక్క కాఫీ తాగకపోయినా, ఒక్క ఫొటో కొనకపోయినా ఆ 300 టిప్పుల్లోకే పోతుంది, పైన 204 మీరే కడతారు. ఎలాగూ కట్టక తప్పని డబ్బుకి క్రెడిట్ వాడితే నాన్-రిఫండబుల్ అయినా అది మీకు నగదుతో సమానమే. 180 తగ్గింపు కంటే 120 మేలు.

ఇది కుదరాలంటే కొన్ని చూసుకోవాలి. ఏజెంట్ చెప్పిన ధరలో టిప్పులు ముందే కలిపేసి ఉంటే ఈ లెక్కంతా మారిపోతుంది. అప్పుడు 300 ఖర్చు పెట్టడానికి మీరు వేరే దారి వెతుక్కోవాలి, అలాంటప్పుడు 180 తగ్గింపే నయం. కొన్ని రకాల క్రెడిట్ టిప్పులకి చెల్లదు, అదీ కనుక్కోండి. ఇంకోటి, క్రెడిట్ ఎవరి పేరు మీద పడుతుందో అడగండి. మొత్తం మీ గదికే వేస్తే మీ ఇద్దరి టిప్పులు 252 పోను 48 మిగిలిపోతుంది, పక్క గదిలో అమ్మానాన్నల టిప్పులు మాత్రం మీ కార్డు మీద పడతాయి. చెరో గదికి 150 వేయించండి. లేదంటే ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్ళి రెండు గదుల ఖాతాలూ కలపడం కుదురుతుందా అని అడగండి.

అలాగని అన్నీ షిప్ మీదే కొనాలని కాదు. ఇంటర్నెట్ ప్యాకేజీ చాలాసార్లు ముందే కొంటే చవక. టిప్పులకి మాత్రం ముందు కట్టినందుకు తగ్గింపు ఉండదు, అందుకే వాటిని షిప్‌కి వదిలేయమంటున్నాను.

భోజనం గురించి కూడా చెప్పాలి. అమ్మానాన్న శాకాహారులైతే మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడి, రేపటికి ఇండియన్ వెజ్ కావాలని చెప్పండి. చాలా షిప్పుల్లో మనవాళ్ళు వంటింట్లోనూ, వడ్డన దగ్గరా ఉంటారు. మాకు రెండో రోజు నుంచీ పప్పు, కూర, అన్నం వచ్చాయి. దానికి విడిగా ఏమీ తీసుకోలేదు.

ఫ్రిస్కో నుంచి ఒక అన్న:

అక్క చెప్పిన టిప్పుల లెక్క సరిగ్గా ఉంది. నేను డెబిట్ కార్డు గురించి చెప్తాను, కొత్తగా వచ్చినవాళ్ళం చాలామందిమి దెబ్బతినేది అక్కడే. ఖాతాకి డెబిట్ కార్డు ఇస్తే, ఖర్చు పెరిగేకొద్దీ షిప్‌వాళ్ళు మీ బ్యాంకులో ఆ మేరకు డబ్బు పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డులో అయితే లిమిట్ తగ్గుతుంది అంతే. డెబిట్‌లో అయితే మీ సొంత డబ్బే కదలదు. దిగాక కూడా అది విడుదలవడానికి కొన్ని రోజులు పడుతుంది. మాకు ఒకసారి సరిగ్గా అద్దె కట్టే తారీఖున అలా ఇరుక్కుపోయింది. అద్దె డబ్బు ఉన్న అకౌంట్ కార్డు అసలు ఇవ్వకండి. లేదంటే ఎక్కిన రోజు కౌంటర్లో కొంత నగదు కట్టి ఖాతా తెరవండి, మిగిలింది చివర్లో ఇచ్చేస్తారు. మీరు కట్టిన నగదుని నాన్-రిఫండబుల్ క్రెడిట్‌తో కలిపి చూసి కంగారుపడకండి, రెండూ వేరు.

చలికాలంలో గాల్వెస్టన్ దగ్గర పొగమంచు వల్ల షిప్ ఆలస్యమవడం మామూలే. ఏదైనా రేవు తప్పిపోతే, షిప్ ద్వారా కొన్న టూర్ డబ్బు, ఆ రేవు పన్నులు మీ ఖాతాకి జమ చేస్తారు. అది మీరు కట్టిన డబ్బే కాబట్టి మామూలుగా మిగిలితే తిరిగి వస్తుంది. స్టేట్‌మెంట్‌లో ఆ పద్దు ఏ పేరుతో పడిందో మాత్రం చూసుకోండి.

హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చినవారు:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఏజెంట్‌ని అడిగాను. 200 కంపెనీ ఇచ్చేదట, నాన్-రిఫండబుల్. 100 ఏజెంట్ ఇచ్చేది, రిఫండబుల్. టిప్పులు ధరలో కలపలేదు. ఈ రెండింట్లో ముందు ఏది ఖర్చవుతుంది? ముందు రిఫండబుల్‌లోంచి కోసేసి, ఇంకోటి మిగిల్చేస్తారేమోనని భయంగా ఉంది.

కేటీ నుంచి ఒక అక్క:

భయపడకండి తమ్ముడూ. మామూలుగా నాన్-రిఫండబులే ముందు ఖర్చవుతుంది. అయినా మీ టిప్పులే 504 కాబట్టి రెండూ పూర్తిగా వాడుకలోకి వస్తాయి, మిగలడం అనేదే ఉండదు. ఏజెంట్ దగ్గరే బుక్ చేయండి. రెండు మొత్తాలూ, అవి ఏ రకమో, ఏ గదికి ఎంతో బుకింగ్ కాగితంలో కనిపించాలి. కనిపించకపోతే డబ్బు కట్టకండి.

ఎక్కిన రెండో రోజు కంపెనీ యాప్‌లోనో, గదిలో టీవీలోనో ఖాతా తెరిచి క్రెడిట్ పడిందో లేదో చూడండి. పడకపోతే ఏజెంట్ పంపిన ఈమెయిల్ చూపించి అప్పుడే అడగండి. సముద్రం మధ్య నుంచి ఏజెంట్‌కి ఫోన్ చేయడం కష్టం కాబట్టి ఆ ఈమెయిల్ ప్రింట్ తీసి పాస్‌పోర్టులతో పాటు పెట్టుకోండి. మళ్ళీ దిగడానికి ఒక రోజు ముందు, మధ్యాహ్నం పూట, కౌంటర్లో లైన్ లేనప్పుడు ఇంకోసారి చూసుకోండి. చివరి రాత్రి దాకా ఆగొద్దు.

ఇది చదివేవాళ్ళలో పాస్‌పోర్టులో హెచ్-1బీ వీసా స్టాంపు గడువు దాటినవాళ్ళు ఉంటే, దయచేసి క్రెడిట్ సంగతి తరవాత చూసుకుందురు గాని, ముందు రూటు చూడండి. గడువు దాటిన స్టాంపుతో తిరిగి రావడానికి ఉన్న వెసులుబాటు హెచ్-1బీ వాళ్ళకి కెనడా, మెక్సికోలకి, అదీ 30 రోజుల లోపు వెళ్ళొస్తేనే. గాల్వెస్టన్ నుంచి వెళ్ళే ఏడు రాత్రుల షిప్పులు చాలావరకు హోండురాస్‌లోని రోవటాన్‌లో కూడా ఆగుతాయి. మీ అటార్నీ సరే అన్నాకే టికెట్ కొనండి.

తమ్ముడూ, మీ లెక్కలో ఇంకా 204 మీ చేతి నుంచి పోతుంది కదా, అందుకని అమ్మానాన్నలకి కాఫీలు మానేయమనకండి. మొదటి రోజే వాళ్ళ చేతికి వాళ్ళ గది కార్డు ఇచ్చి, ‘ఇందులో 150 ఉంది, కంపెనీ వాళ్ళు ఇచ్చారు’ అని చెప్పండి. కంపెనీ ఇచ్చిందంటే మా మామగారిలాంటి వాళ్ళు కూడా వాడతారు.