34 పళ్ల ఫ్రీవీల్‌కి డిరైలర్ రాసుకుంటోంది, ఎక్స్‌టెండర్ సరిపోతుందా?

ఒడిశాలోని జయపురం–కొరాపుట్ ఘాట్ కోసం 7 గేర్ల సైకిల్‌కి 14–28 పళ్ల ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి) తీసేసి 14–34ది వేశాను. ముందు చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) ఒక్కటే, 42 పళ్లు. ఈ సైకిల్ టీవీ రివ్యూలో 'ఏ కొండైనా ఎక్కేస్తుంది' అన్నారు గానీ, డిరైలర్ (చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మార్చే వెనక భాగం) ఎన్ని పళ్ల దాకా తట్టుకుంటుందో చెప్పలేదు. రంగు, డిస్క్ బ్రేకు మాత్రం తిప్పి తిప్పి చూపించారు. క్లోజప్ ఆపి పళ్లు లెక్కపెడదామంటే అంతా మసకే.

ఇప్పుడు ఒకటో గేర్‌లో డిరైలర్ పై పుల్లీ 34 పళ్ల చక్రానికి గరగరా తగులుతోంది. మిగతా ఆరూ బాగానే పడుతున్నాయి. చైన్‌కి 4 లింకులు కలిపాను, బి-స్క్రూ (పుల్లీని పళ్ల చక్రాల నుంచి దూరం జరిపేది) చివరిదాకా బిగించాను, లో లిమిట్ స్క్రూ (ఒకటో గేర్ వైపు డిరైలర్ ఎక్కడ ఆగాలో పెట్టేది) సరిచూశాను. హ్యాంగర్ (ఫ్రేమ్‌కి డిరైలర్ బిగించే ముక్క) వంగలేదు.

ఇలా మార్చినవాళ్లు చెప్పండి: ఈ పొట్టి కేజ్ (పుల్లీలుండే చట్రం) డిరైలర్‌నే ఉంచి హ్యాంగర్‌కి ఎక్స్‌టెండర్ (డిరైలర్‌ని కిందికి దించే ముక్క) బిగిస్తే సరిపోతుందా, లాంగ్ కేజ్ కొనక తప్పదా?